పాంపేలో ఒక ఇల్లు వెతుక్కుంటూ

ఇటలీలోని నేపుల్స్‌లో లోకల్ రైలెక్కితే పాత రోమన్ ఊరు పాంపే దాదాపు ముప్పావుగంట. రద్దీలో మన ఎంఎంటీఎస్‌కి ఏమీ తీసిపోదు. అందరూ బూడిదలో చనిపోయినవాళ్ళ అచ్చులు చూడ్డానికి వస్తారు. నేను మాత్రం ఒక ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను.

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి ఊరిని బూడిదతో, గులకరాళ్ళతో కప్పేసింది. 1748లో తవ్వకాలు మొదలయ్యాయి. ఇప్పటికీ ఊళ్ళో మూడోవంతు మట్టి కిందే ఉంది. ఊరి పెద్దవీధి పేరు వియా దెల్లబ్బొందాంజా. బండి చక్రాలు రాతిని జానెడు లోతున కోసేశాయా అనిపిస్తుంది. మధ్యలో ఎత్తుగా దాటురాళ్ళు. వానాకాలం మా వీధిలో ఇటుకలు పేర్చుకుని దాటినట్టే వాళ్ళూ మురుగు నీళ్ళు దాటేవారు. చెప్పులేసుకెళ్ళడం నా తెలివితక్కువ, మధ్యాహ్నానికి మడమలు పుళ్ళయ్యాయి.

గోడల మీద ఎర్రరంగుతో ఎన్నికల రాతలుండేవి. పోలిబియస్ అనే ఆయనకు ఓటెయ్యమంటూ, ‘మంచి రొట్టె ఇప్పిస్తాడు’ అని రాసిందొకటి. వాటియా అనే ఆయనకైతే చిల్లర దొంగలందరి మద్దతూ ఉందట. ప్రత్యర్థుల పనే అయ్యుంటుంది!

ఆ వీధిలోనే వెటూటియస్ ప్లాసిడస్ హోటలు. అరుగులో పూడ్చిన కుండల్లో ఒకదాంట్లో దాదాపు 3 కిలోల చిల్లర దొరికిందట. గోడ మీద రోమన్ దేవుళ్ళ బొమ్మలు: వ్యాపారానికి మెర్క్యురీ, కల్లుకి బాకస్. మన దుకాణాల్లో గల్లాపెట్టె పైన లక్ష్మీదేవి పటం గుర్తొచ్చింది.

నేను వెతుకుతున్న ఇల్లూ ఆ వరుసలోనే. 1938లో అక్కడ ఓ భారతీయ దంతపు బొమ్మ దొరికింది. నేను వెళ్ళిన రోజు ఆ ఇంటికి గేటు వేసుంది. ఊచల్లోంచి చూస్తే గోడలూ గడ్డీ తప్ప ఏమీ లేవు.

బొమ్మను మర్నాడు నేనూ మా ఆవిడా నేపుల్స్ మ్యూజియంలో చూశాం. ‘రహస్య గది’లో పెట్టారు. అక్కడున్నవన్నీ శృంగార శిల్పాలూ, చిత్రాలే. పిల్లల్ని ఇంటి దగ్గర వదిలి రావడం మంచిదైంది. దాదాపు జానెడుంటుంది బొమ్మ. లక్ష్మి అన్నారు మొదట్లో, యక్షి కావచ్చంటున్నారు ఇప్పుడు. మహారాష్ట్రలో తేర్, భోకర్‌దన్‌లలో ఇలాంటివి దొరికాయి. రెండూ శాతవాహనుల నాటి ఊళ్ళే. అడుగున ఖరోష్ఠి (వాయవ్య భారతంలో వాడిన పాత లిపి) అక్షరం ఉంది కాబట్టి వాయవ్యం వైపునుంచి వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు. నేను శాతవాహనుల పక్షం, పక్షపాతమే అనుకోండి.

చేతుల నిండా గాజులు, కాళ్ళకు బరువైన కడియాలు. అటూ ఇటూ ఇద్దరు చిన్నపిల్లలు, చేతుల్లో అలంకరణ సామగ్రి. మా ఆవిడ అద్దానికి ముక్కానించి చాలాసేపు చూసింది.

“ఏమండీ, ఈవిడ ఎక్కడికో బయల్దేరుతూ ముస్తాబవుతోంది. పదండి, మనం అడ్డం.”