కాచిన నీళ్లే కదా అనుకున్నాం

అప్పటికి బాబుకి రెండో నెల. నా పాలు చాలక డబ్బా పాలు కలుపుతున్నాం. పోయిన ఎండాకాలం మంజీర నీళ్లు సరిగా రాక, హైదరాబాద్ శివార్లలోని మా అపార్ట్‌మెంట్ సంపులోకి బోరు నీళ్లు వదిలారు. అమ్మ ఆ నీళ్లనే రోజూ స్టీలు గిన్నెలో పావుగంట మరగకాచి, వడగట్టి ఫ్లాస్కులో పోసేది. చెంచా కూడా వేడినీళ్లలో కడిగేది.

ఒకరోజు స్నానం చేయిస్తుంటే వాడి పెదాలు నేరేడు పండు తిన్నట్టు కనిపించాయి. గోళ్లూ అంతే. దగ్గరున్న ఆసుపత్రికి పరిగెత్తాం. డ్యూటీ డాక్టరు గుండె విని, "మొదటి కాన్పా? అందరూ ఇలాగే టెన్షన్ పడతారమ్మా. ఏసీ గాలికి అలా అవుతుంది" అన్నాడు. మా ఇంట్లో ఏసీయే లేదని చెప్పేలోపు ఇంకొకరిని పిలిచాడు. ఆ మాట నేను క్షమించలేదు.

రాత్రికి ఇంకో ఆసుపత్రి. ఆక్సిజన్ పెట్టినా పాదానికి తగిలించిన, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే మిషన్ 85 దాటలేదు. వాడు ఏడవడం కూడా మానేశాడు. మూడింటికి ఒక పెద్ద డాక్టరమ్మ వచ్చారు. రక్తం తీసి, రెండు చుక్కలు తెల్లటి గుడ్డ మీద వేసి గాలికి ఊపారు. ఎర్రబడలేదు, చాక్లెట్ రంగులోనే ఉండిపోయింది. "ఏ నీళ్లతో పాలు కలుపుతున్నారు?" అని మమ్మల్ని అడిగిన మొదటి మనిషి ఆవిడే.

కారణం నీళ్లలో కరిగి ఉన్న నైట్రేట్ అనే లవణం. పసిపిల్లల కడుపులో అది నైట్రైట్‌గా మారి, రక్తాన్ని ఆక్సిజన్ మోయనివ్వదట. మిథిలీన్ బ్లూ ఇంజెక్షన్ ఇచ్చిన గంటకి పెదాలకి రంగు తిరిగింది. ఆవిడ వద్దంటున్నా కాళ్లకి మొక్కాను.

నీళ్లు పరీక్ష చేయిస్తే, లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడని నైట్రేట్ మా బోరులో మూడింతలుంది. పక్కనే సెప్టిక్ ట్యాంకు. అసోసియేషన్ వాళ్లకి చూపిస్తే "ఇన్నేళ్లుగా మేం తాగట్లేదా?" అన్నారు. ముప్పు ముఖ్యంగా ఆరు నెలల్లోపు పిల్లలకని ఎంత చెప్పినా ఎక్కలేదు. కాస్తే నైట్రేట్ పోదు, నీళ్లు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. క్లోరిన్‌కీ, మామూలు ఫిల్టర్‌కీ లొంగదు. డబ్బా పాలు పట్టేవాళ్లు దయచేసి బోరు నీళ్లు వాడకండి.

కాచడం గురించి అమ్మకి చెప్పకూడదనుకున్నాను. తమ్ముడు చెప్పేశాడు. ఆ గిన్నె అటకెక్కింది. "నా చేతులతోనే పోశానే" అని చాలా రోజులు అన్నం సరిగా తినలేదు. వచ్చే నెల యాదగిరిగుట్టలో వాడి పుట్టువెంట్రుకలు. వాడితో పాటు తనూ తలనీలాలు ఇస్తానంటోంది. వద్దంటే వినట్లేదు.