ఈ చలికి మా బొంత

కార్తీకం వచ్చిందంటే కాశీబుగ్గలోని మా రేకుల ఇంట్లో తెల్లవారుజామున నేల జిల్లుమంటుంది. ఈ నెల చేతిలో మిగిలింది 1,500 రూపాయలే. కొత్త రగ్గుల ఊసే ఎత్తలేదు.

అత్తమ్మ పాత నూలు చీరలు నాలుగు తీసి, మధ్యలో చిరిగిన దుప్పట్లు పరిచి బొంత కుడుతున్నాను. బెత్తెడు దూరానికో వరుస. పొరల మధ్య నిలిచే గాలే వెచ్చదనం. ఒక చీర అంచున పసుపు మరక ఉంది, మా చిన్నదాని బారసాల నాటిది. ఎన్ని ఉతుకులకూ పోలేదు. దాన్ని పైకి కనిపించేలాగే కుట్టాను.

కిందికి వరంగల్ కొత్తవాడలో నేసిన జంపఖానా ఉంది. వరంగల్ జంపఖానాలకు 2018లో ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకుగా భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. మాది అంతకు ముందే కొన్నది, ఇప్పటికీ పోగు ఊడలేదు. ఆ నేతగాళ్ల చేతులకు దండం.

డబ్బంతా పిల్లల స్వెటర్లకు, అత్తమ్మ మంకీ టోపీకి సరిపోయింది. రేకుల కింద సందుల్లో గోనె సంచులు కుక్కాను, కిటికీ మాత్రం కొద్దిగా తెరిచే ఉంచుతాను. గదిలో కుంపటి పెట్టుకుందామని అత్తమ్మ అడిగితే ఒప్పుకోలేదు. మూసిన గదిలో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

బొంతకు ఇంకా మూడు వరుసలు మిగిలాయి.