ప్రీనప్ ఖర్చు ఎక్కడ పెరుగుతుంది, ఒప్పందం ఎక్కడ చెల్లకుండా పోతుంది

ప్రీనప్‌కి, అంటే ఆస్తులు, అప్పులు ఎవరివో పెళ్లికి ముందే రాసుకునే ఒప్పందానికి, ఎంతవుతుందని అడిగేవాళ్లు ఒక లాయర్ ఫీజు మనసులో పెట్టుకుని అడుగుతారు. లెక్క అక్కడే తప్పుతుంది. ఇద్దరికీ వేర్వేరు లాయర్లు కావాలి కాబట్టి ఫీజులు రెండు. ఒకే లాయర్ ఇద్దరికీ సలహా ఇచ్చాడంటే, రేపు ఆ ఒప్పందాన్ని కొట్టేయమని అడిగేవారికి మనమే ఆధారం చేతికిచ్చినట్టు. ఆస్తి ఎక్కువున్నవారు ఇద్దరి ఫీజూ కట్టినా ఫరవాలేదు, కానీ రెండో లాయర్‌ని ఎంచుకోవాల్సింది రెండో మనిషే.

లాయర్ గంటల్లో ఎక్కువ భాగం రాతకు కాదు, ముసాయిదా అటూ ఇటూ తిరగడానికే పోతుంది. అందుకే ముందు మీరిద్దరూ కూర్చుని ఒక కాగితం మీద తేల్చుకోండి. పెళ్లికి ముందువి ఎవరివి వారికేనా? పెళ్లయ్యాక సంపాదించింది ఉమ్మడా? పిల్లల కోసం ఒకరు ఉద్యోగం మానేస్తే ఆ నష్టం ఎవరు భర్తీ చేస్తారు? ఈ మూడింటికి జవాబుతో వెళ్తే బిల్లు బాగా తగ్గుతుంది. వ్యాపారంలో వాటా ఉంటే మాత్రం దాని విలువ కట్టించే ఖర్చు విడిగా ఉంటుంది. జర్మనీలో నోటరీ ఫీజు ఆస్తుల విలువను బట్టి చట్టం ప్రకారమే ఖరారవుతుంది, బేరమాడటానికి ఉండదు.

ఒప్పందానికి ప్రాణం చివర్లో జతచేసే ఆస్తుల జాబితా. పది పేజీల షరతులు చదివి, ఆ జాబితాని ఐదు నిమిషాల్లో నింపేస్తుంటారు. అది చాలా ప్రమాదం. ప్రతి ఖాతాలో ఫలానా తేదీకి ఎంత ఉంది, ప్రతి స్థిరాస్తి ఇప్పటి విలువెంత, దానిమీద మిగిలిన అప్పెంత, ఇంకా చేతికి రాని స్టాక్ ఆప్షన్లు (కంపెనీ షేర్లు ముందే ఖరారైన ధరకి కొనే హక్కు), రిటైర్మెంట్ నిధి, క్రెడిట్ కార్డు బాకీలు, స్నేహితుడి అప్పుకి పెట్టిన హామీ సంతకంతో సహా రాయాలి. విలువ కచ్చితంగా తెలియకపోతే అంచనా అని రాసి, ఎలా వేశారో కూడా రాయండి. అంచనా తప్పితే సర్దుకోవచ్చు, దాచిన ఒక్క ఖాతా మొత్తం ఒప్పందాన్ని ముంచుతుంది.

ఇంటి సంగతి కొంచెం దగ్గరగా చూద్దాం. పెళ్లికి ముందు ఒకరు కొన్న ఇంటి విలువ 100, అందులో తీరాల్సిన అప్పు 60 అనుకోండి. ‘ఇల్లు నాది’ అని రాసుకుంటే చాలదు. పెళ్లయ్యాక ఆ 60 ఎవరి జీతంతో తీరుతుంది? ఇల్లు 180 అయితే ఆ పెరిగిన 80 ఎవరిది? వంటగది కొత్తగా కట్టించడానికి రెండోవారు డబ్బు పెడితే అది బహుమతా, అప్పా? ఈ మూడూ విడివిడిగా రాయకపోతే గొడవ సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది.

సంతకాల పద్ధతి చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. న్యూయార్క్‌లో 2013లో గలెటా కేసులో ఒప్పందం చెల్లలేదు. కారణం, భర్త సంతకానికి నోటరీ ఇచ్చిన ధ్రువీకరణలో, సంతకం చేసింది ఆ మనిషేనని తెలుసు లేదా నిర్ధారించుకున్నామని చెప్పే మాట లేకపోవడం. సంతకాలు నిజమైనవేనని ఇద్దరూ ఒప్పుకున్నా లాభం లేకపోయింది. జర్మనీలో ఇద్దరూ ఒకేసారి నోటరీ ముందు ఉండాలి. ఫ్రాన్స్‌లో కూడా నోటరీ తప్పనిసరి. ఇంగ్లండ్‌లో 2010లో రాడ్‌మాకర్ కేసు తర్వాత, ఇష్టపూర్వకంగా, పర్యవసానాలు తెలిసి చేసుకున్న ఒప్పందానికి కోర్టు విలువిస్తుంది, అన్యాయమనిపిస్తే మాత్రం పక్కన పెడుతుంది. అందుకే ఎక్కడో దొరికిన నమూనా నింపి సంతకం చేయడం నాకు అస్సలు నచ్చదు. ఏ చోట చట్టం వర్తించాలో రాసుకోండి. దేశం మారే ఆలోచన ఉంటే అక్కడి లాయర్‌తోనూ ఒకసారి చదివించండి.

ఇక సమయం. బేస్‌బాల్ ఆటగాడు బ్యారీ బాండ్స్ ఒప్పందం మీద సంతకాలు 1988లో పెళ్లికి ముందురోజు జరిగాయి, స్వీడన్ నుంచి వచ్చిన భార్యకి సొంత లాయర్ లేరు. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2000లో దాన్ని సమర్థించినా, ఆ తర్వాత అక్కడి చట్టాన్నే మార్చారు. ఇప్పుడు అక్కడ తుది ప్రతి చేతికొచ్చాక కనీసం 7 రోజులు ఆగాకే సంతకం చేయాలి. సొంత లాయర్ లేకుండా భరణం వదులుకుంటే ఆ షరతు చెల్లదు. ఆ 7 రోజులే చాలనుకోకండి, మూడు నాలుగు నెలల ముందే మొదలుపెట్టండి. పెళ్లి పిలుపులు వెళ్లిపోయాక కాగితం ముందు పెడితే, అవతలివారికి కాదనే దారేది? ఒత్తిడి చేశారనే వాదనకి ఆ తేదీలే సాక్ష్యం.

పిల్లల కస్టడీ, పోషణ ఖర్చు ఇందులో రాసినా కోర్టుని కట్టిపడేయవు. అవి అప్పటి పిల్లల మేలును బట్టి తేలతాయి. ఒకరిని రోడ్డున పడేసే షరతులూ నిలవడం కష్టం.

సంతకాలయ్యాక అసలు ప్రతులు రెండు ఉండాలి, చెరొకటి. ప్రతి పేజీలో, ఆస్తుల జాబితా పేజీల్లో కూడా, ఇద్దరి పొడి సంతకాలు ఉండాలి. పెళ్లైన నెల బ్యాంక్ స్టేట్‌మెంట్లన్నీ తీసి దానితోనే దాచండి. పెళ్లికి ముందటి డబ్బున్న ఖాతాలో జీతం పడనివ్వకండి. రెండూ కలిసిపోయాక ఏది ఎవరిదో విడదీయడానికి ఆడిటర్‌కి కట్టే డబ్బు, ఒక్కోసారి ఒప్పందం రాయించినదానికంటే ఎక్కువే అవుతుంది.