‘నేను మీ డాక్టర్ని కాదు’

డాలస్ దగ్గర హైవే మీద ట్రక్కు వెనకనుంచి గుద్దాక నా ఎముకలైతే అతుక్కున్నాయి, నిద్ర మాత్రం పోయింది. పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసుకు పట్టుకునే జబ్బు అన్నారు. నష్టపరిహారం దావాలో దాన్నీ చేర్చాం. అలా చేర్చాక, తమ నిపుణుడితో పరీక్ష చేయించాలని అవతలి పక్షం అడగొచ్చు. మా కేసు ఫెడరల్ కోర్టులో ఉంది కాబట్టి ఇలాంటి పరీక్షలకు వర్తించే రూల్ 35 కింద ఉత్తర్వు వచ్చింది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ విషయాల మీద పరీక్షిస్తారో అందులోనే ఉంటుంది. పూర్తిగా చదువుకోండి.

అంతకుముందే నా థెరపిస్టును రిపోర్టు రాసిమ్మని అడిగాను. చికిత్స రికార్డులు ఇస్తాను గానీ, ఇదంతా ప్రమాదం వల్లే వచ్చిందని కోర్టుకు తేల్చి చెప్పడం నా పని కాదన్నారావిడ. ఆ రోజు చాలా బాధేసింది. కానీ ఆవిడ నన్ను నమ్మి వైద్యం చేయాలి, కోర్టు కోసం పరీక్షించే నిపుణుడు నన్ను అనుమానించి చూడాలి. ఈ రెండు పనులూ ఒకరే చేస్తే వైద్యమూ చెడుతుంది, సాక్ష్యమూ చెడుతుంది. కోర్టు కేసుల కోసం మనుషుల్ని పరీక్షించే ఫోరెన్సిక్ సైకాలజిస్టుల మార్గదర్శకాలు కూడా దీని గురించే హెచ్చరిస్తాయి.

పరీక్ష రోజు కూర్చోగానే అవతలి పక్షం నిపుణుడు అన్న మాట: “నేను మీ డాక్టర్ని కాదు. మీరు చెప్పేది రహస్యంగా ఉండదు, రిపోర్టులోకి వెళ్తుంది.” తియ్యగా మాట్లాడి కూపీ లాగే మనిషి కాదని అప్పుడే అర్థమైంది, ఆయన మీద గౌరవం కలిగింది.

పీటీఎస్‌డీ ఉందో లేదో తేల్చే క్యాప్స్-5 అనే ఇంటర్వ్యూలో ‘పీడకలలు వస్తాయి’ అంటే సరిపోదు. పోయిన నెలలో ఎన్నిసార్లు వచ్చాయి, ఏం కనబడింది, మళ్లీ నిద్ర పట్టడానికి ఎంతసేపైంది, అన్నీ చెప్పాలి. చెబుతుంటే చేతులు వణికాయి. కాసేపు ఆపారు. తర్వాత ఎంఎంపీఐ-3 అనే మానసిక పరీక్ష, అవును-కాదు వాక్యాలు 335. బాధను పెంచి చెప్పినా, దాచినా, చదవకుండా గుర్తులు పెట్టినా పట్టుకునే కొలతలు అందులోనే ఉంటాయి.

పెళ్లికి ముందు హైదరాబాద్‌లో డిప్రెషన్‌కు మందులు వాడాను. కేసు పోతుంది, చెప్పకమ్మా అన్నారు మావాళ్లు. చెప్పాను. పాత జబ్బు ఉన్నంత మాత్రాన కొత్త గాయం అబద్ధమైపోదు. ఆయన రెండింటినీ విడదీసి రాశారు. పీటీఎస్‌డీ నిజమేనన్నారు. ఇక ఉద్యోగమే చేయలేనన్న వాదనను మాత్రం ఒప్పుకోలేదు. అది నాకు నచ్చలేదు, కానీ కారణాలు పేజీల కొద్దీ చూపించారు.

రిపోర్టు కాపీ అడిగే హక్కు మనకుంది. అయితే అడిగితే, అదే సమస్య మీద మనం చేయించుకున్న ఇతర పరీక్షల వివరాలను దాచుకునే హక్కు పోతుంది. లాయరుతో మాట్లాడాకే అడగండి.