పిట్టగూడు కోసం కాగితం కలిపిన మట్టి: రెండు నెలల నోట్సు

మామూలు మట్టితో పిట్టగూడు చేయాలని మూడుసార్లు కూర్చున్నాను. నాలుగు మిల్లీమీటర్ల మందంలో పుల్లలు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చితే, ఆరేలోపే అతుకుల దగ్గర ఊడిపోయేవి. మూడోది మాత్రం ఆరేదాకా నిలిచింది. కిల్న్ (మట్టి వస్తువులు కాల్చే కొలిమి) దగ్గరికి మోసుకెళ్తుంటే చేతుల్లోనే ముక్కలైంది. పేపర్ క్లే వైపు వచ్చింది అప్పుడే. ప్యాకెట్లలో దొరికే, గాలికి ఆరి గట్టిపడే పేపర్ క్లే కాదు. అది కాల్చడానికి పనికిరాదు. నేను వాడుతున్నది అసలు బంకమట్టిలోనే కాగితపు గుజ్జు కలిపి, కిల్న్‌లో కాల్చే రకం.

మొదటి వారం

గుజ్జుకి టాయిలెట్ పేపరు వాడాను. వేడినీళ్లలో వేసి కాసేపు గిలక్కొడితే చాలు, విడిపోతుంది. అంతకుముందు పాత న్యూస్‌పేపరు నానబెట్టి ఒక పూట వృథా చేసుకున్నాను. రాత్రంతా నానినా ఉండలు ఉండలుగానే ఉంది, పైగా సిరా నలుపు. గుజ్జుని జల్లెడలో వేసి, నీళ్లు కారడం ఆగేదాకా పిండాను. మట్టి మాత్రం చిక్కటి పెరుగులా జావగా ఉండాలి. గట్టి మట్టి ముద్దలో గుజ్జు పిసికి కలుపుదామనుకుంటే కుదరదు, అక్కడక్కడా గడ్డలు మిగిలిపోతాయి. మూడు కప్పుల జావకి ఒక కప్పు పిండిన గుజ్జు, అదే నా కొలత. గుజ్జు ఇంకా పెంచితే ఆరిన వస్తువు గట్టిగానే ఉంటుంది గానీ, కాల్చాక మరీ గుల్లబారుతుంది.

కలిపినదాన్ని ప్లాస్టర్ పలక మీద పోసి పరిచాను. పలక నీళ్లు పీల్చేసింది, సాయంత్రానికి తోలులా లేపగలిగే పొర వచ్చింది. గరిటెతో గీకొద్దు. ప్లాస్టర్ పెళ్లలు మట్టిలో కలిస్తే, కాల్చిన తర్వాత ఆ చోట పెచ్చులు లేస్తాయి.

రెండో వారం

వాసన! మిగిలిన జావని మూతపెట్టి బకెట్లో ఉంచాను. పది రోజులకి మూత తీస్తే కుళ్లిన కంపు, పైన నల్లటి బూజు. మట్టి పాడవలేదు, కుళ్లుతున్నది కాగితం. అప్పటినుంచి ఒక పూటకి సరిపడా మాత్రమే జావ కలుపుతున్నాను. మిగిలితే పలచటి రేకులుగా ఆరబెట్టి దాచుకుంటున్నాను. కావలసినప్పుడు నీళ్లలో వేస్తే మళ్లీ జావ అవుతుంది.

మూడు నుంచి ఐదో వారం

అసలు పని ఇప్పుడు మొదలైంది. మామూలు మట్టిలో తడి ముక్కని ఆరిన ముక్కకి అతికించకూడదు. తడిది ఆరుతూ కుదించుకుపోతుంది, ఆరినది కదలదు, అతుకు చీలుతుంది. కుమ్మరి సారె దగ్గర నేర్చుకున్న మొదటి పాఠమే ఇది. ఇక్కడ మాత్రం పూర్తిగా ఆరిన పుల్లని ఆరిన పుల్లకే, మధ్యలో అదే కాగితపు మట్టి జావ పూసి అతికించాను. కాగితపు పీచులు సన్నటి గొట్టాల్లాంటివి. జావలోని నీటిని లోపలికి లాగేసుకుంటాయి, అటూ ఇటూ పీచులు పెనవేసుకుంటాయి. అతికించే ముందు రెండు చివరలూ తడిపితేనే బాగా పట్టింది. పొడి మీద నేరుగా పూసినవి కొన్ని చేత్తో లాగగానే వచ్చేశాయి.

రెండు వందలకు పైగా పుల్లలు ఒకేసారి చేసి ఆరబెట్టుకున్నాను. తర్వాత రోజుకో పావుగంట, అరగంట, నాకు వీలున్నప్పుడల్లా ఓ పది అతికించాను. మట్టి ఆరిపోతుందన్న కంగారు లేదు. తడిగుడ్డలు కప్పడం, ప్లాస్టిక్ కవర్లు చుట్టడం ఏమీ లేదు. ఇది మోసం కదా అని తోటి కుమ్మరి మిత్రుడు నవ్వాడు. పొట్టూ గడ్డీ కలిపిన కుండలు నవీన శిలాయుగంలోనే ఉన్నాయని చెప్పాను. కాగితపు గుజ్జుతో ఈ పద్ధతిని 1990లలో రోసెట్ గాల్ట్ లాంటి కళాకారులు ప్రచారంలోకి తెచ్చారు.

ఇబ్బందీ ఉంది. గూడు అడుగుకి వేసిన పలచటి పలక ఒకవైపే గాలి తగిలి అప్పడంలా వంకరపోయింది. దాన్ని మళ్లీ తడిపి, రెండు చెక్కల మధ్య పెట్టి ఆరబెడితే చదునైంది. మామూలు మట్టిదైతే పారేయాల్సిందే. చాకుతో కోసినప్పుడు అంచుల్లో పీచు లేస్తుంది. ఆరాక ఇసుక కాగితంతో రుద్దాను, మాస్కు పెట్టుకుని.

ఆరో వారం: కాల్పు

ఎలక్ట్రిక్ కిల్న్. నూరు డిగ్రీల దగ్గర రెండు గంటలు నిలిపాను, లోపలి తడి పూర్తిగా పోవాలని. రెండు వందలు దాటాక కాగితం కాలడం మొదలై పొగ వచ్చింది, ఘాటుగా. కిటికీలన్నీ తెరిచి, కిల్న్ చూపుడు రంధ్రం మూత తీసి ఉంచాను. ఐదు వందలు దాటాక గానీ మూసేయలేదు. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది కాబట్టి అక్కడ నిదానంగా ఎక్కించాను. చివర 1000 డిగ్రీలు. మర్నాడు పూర్తిగా చల్లారేదాకా తలుపు ముట్టుకోలేదు.

రెండు పుల్లలు విరిగాయి. విరిగిన చోట అదే జావ పూసి, ఆరబెట్టి, మళ్లీ కాల్చాను. పట్టింది, అతుకు కొంచెం కనబడుతోంది గానీ గూటికి అదేమంత లోటు కాదు. పది సెంటీమీటర్ల పరీక్ష పట్టీ ఆరాక 9.4కి, కాలాక 9.3కి వచ్చింది. గూడు చేతికి తేలిగ్గా తగులుతోంది. కాగితం కాలిపోయిన చోట్ల ఖాళీలే మిగిలాయి కదా. అందుకే నీళ్లు ఇట్టే పీల్చేస్తుంది. గ్లేజులో (కాల్చితే గాజులా మెరిసే పూత) ముంచితే మందంగా పట్టేసింది, దాన్ని కడిగేసి, గ్లేజు పలచన చేసి మళ్లీ ముంచాల్సి వచ్చింది. నీళ్లు పోసే పాత్రలకి ఈ మట్టి నేను వాడను.

గూట్లో పెట్టే మూడు గుడ్లు మాత్రం మామూలు మట్టితోనే చేస్తున్నాను. చెంచా వెనకతో నున్నగా మెరుగుపెట్టాలంటే పీచు అడ్డొస్తుంది. బోలుగా చేసి, అడుగున సూది బెజ్జం పెట్టాను. ఇంకా ఆరుతున్నాయి.