మొదటి ట్రాక్టర్ కొనే ముందు: చిత్తూరు, తిరుపతి చేలకు ఏ బండి నప్పుతుంది

ముందు పనిముట్టు తేల్చుకోండి, ట్రాక్టర్ సంగతి ఆ తర్వాత. బంగారుపాళ్యం దగ్గర ఐదెకరాల మామిడి తోపు ఉన్నవాళ్లకీ, ఏర్పేడు, శ్రీకాళహస్తి వైపు చెరువు కింద వరి పెట్టేవాళ్లకీ, పలమనేరు, వి.కోట వైపు టమాటా, మల్బరీ వేసేవాళ్లకీ ఒకే బండి సరిపోదు. అయినా ముగ్గురూ అటూ ఇటూగా అదే 45 హెచ్‌పీ బండి కొనుక్కొస్తుంటారు, పక్క చేనాయన దగ్గర అదే ఉంది కాబట్టి.

అసలు బండి కావాలా అన్నది గంటల్లో లెక్కేయండి. ఐదడుగుల రోటవేటర్ (తిరిగే బ్లేళ్లతో మట్టిని గుల్ల చేసే పనిముట్టు) గంటకి మూడున్నర కిలోమీటర్ల వేగంతో పోతే, మలుపులూ సాలు మీద సాలు పడేదీ పోను గంటకి దాదాపు ఎకరా అవుతుంది. ఐదెకరాల తోపుకి ఏడాదికి మూడు దుక్కులంటే 15 గంటలు. మందు కొట్టడం, ఎరువు తోలడం, కాయ తోలడం కలుపుకున్నా వంద గంటల దగ్గర ఆగుతుంది. బ్యాంకు వాయిదా మాత్రం పని ఉన్నా లేకున్నా వస్తుంది. బయట బాడుగకి తోలే ఉద్దేశం, తోలే మనిషీ లేకపోతే ఇంత తక్కువ పనికి కొత్త పెద్ద బండి దండగ. బాడుగకి పిలిపించుకోవచ్చు, లేదా చిన్న బండి చూసుకోవచ్చు.

మామిడి తోపుకి చిన్న బండే మేలు. ముదురు తోపుల్లో కొమ్మలు కిందికి వాలి ఉంటాయి. పెద్ద బండి నిలువు సైలెన్సర్ కొమ్మలకి తగులుతుంది, తోలేవాడి తల పైకీ కొమ్మలొస్తాయి. 24 నుంచి 30 హెచ్‌పీ మధ్య నాలుగు చక్రాలూ లాగే మినీ ట్రాక్టర్ చెట్ల కింద తేలిగ్గా తిరుగుతుంది. కుబోటా నియోస్టార్, వీఎస్‌టీ శక్తి, స్వరాజ్ 724 లాంటివి ఈ కోవలోవే. అయితే మినీల్లో అన్నీ ఫోర్ వీల్ డ్రైవ్ కావు, అడిగి తేల్చుకోండి.

మినీ కొన్నవాళ్లు దెబ్బతినేది మందు ట్యాంకు దగ్గర. పూత మీద తేనెమంచు పురుగుకి కొట్టేటప్పుడు 600 లీటర్ల ట్యాంకు, బండి వెనక పనిముట్లని ఎత్తే లిఫ్టు మీద పెట్టేద్దామనుకుంటారు. నీళ్లే 600 కిలోలు, ట్యాంకు, పంపు బరువు వేరే. బండి లిఫ్టు 750 కిలోలు ఎత్తుతుందని పుస్తకంలో ఉన్నా, అది కింది లింకుల (పనిముట్టు తగిలించే రెండు చేతుల) చివర కొలిచిన లెక్క. ట్యాంకు బరువు అక్కడినుంచి ఇంకో రెండడుగులు వెనక పడుతుంది కాబట్టి ఎత్తగలిగేది తగ్గిపోతుంది. పైగా బండి బరువే టన్నుకి అటూ ఇటూ. గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేస్తాయి, స్టీరింగ్ మాట వినదు. 200 లీటర్ల ట్యాంకు లిఫ్టు మీద పెట్టుకోండి, లేదా చక్రాల మీద లాగే స్ప్రేయర్ తీసుకోండి.

శెనక్కాయ, టమాటా, చెరకు కలిపి పదెకరాలు దాటితే 40 నుంచి 48 హెచ్‌పీ వరకు చూడండి. ఇంజన్ హెచ్‌పీ చూసి మురిసిపోకండి. రోటవేటర్‌ని తిప్పేది పీటీఓ (బండి వెనక పనిముట్లని తిప్పే షాఫ్టు) దగ్గర అందే హెచ్‌పీ, అది ఇంజన్ హెచ్‌పీలో 85 నుంచి 90 శాతమే. ఐదడుగుల, 36 బ్లేళ్ల రోటవేటర్‌కి 40 నుంచి 45 హెచ్‌పీ బండి కావాలి. ఏడడుగులదానికి 50 దాటాలి. 42 హెచ్‌పీ బండికి ఏడడుగులది తగిలిస్తే ఎర్రనేల తడిగా ఉన్నప్పుడు ఎలాగో లాగుతుంది, ఆరినాక నల్లపొగ కక్కుతుంది. డీజిలు తాగుతుంది, క్లచ్ ప్లేటు అరుగుతుంది.

మన ఎర్రనేలల్లో, ముఖ్యంగా గుట్టల వారన ఉన్న చేలల్లో, రాయి ఎక్కడ దాక్కుందో తెలీదు. అందుకే తొమ్మిది పళ్ల గొర్రు కొనేటప్పుడు స్ప్రింగులున్నదే తీసుకోండి. రాయి తగిలితే పన్ను వెనక్కి లేచి దాటిపోతుంది. స్ప్రింగు లేనిది రాయికి పట్టుకుంటే పన్ను వంగుతుంది, లేదా ఫ్రేము పగులుతుంది. రోటవేటర్ షాఫ్టుకి షియర్ బోల్టు (బరువు మీరితే ముందు తనే తెగే బోల్టు) గానీ స్లిప్ క్లచ్ (బరువు మీరితే జారే క్లచ్) గానీ తప్పనిసరి. షియర్ బోల్టు తెగిందని దాని చోట గట్టి బోల్టు వేసేస్తారు కొందరు. ఆ తర్వాత తెగేది గేర్‌బాక్స్‌లో పళ్లు. మలుపు దగ్గర రోటవేటర్ పైకెత్తినప్పుడు పీటీఓ ఆపండి. ఆపకపోతే షాఫ్టు బాగా వంగిన కోణంలో తిరిగి దాని కీళ్లలోని క్రాసులు పోతాయి. ఇంకొక మాట: మామిడి చెట్టు పాదులోకి రోటవేటర్ తీసుకుపోవద్దు, పైపై వేర్లు తెగిపోతాయి. ఏటా నాలుగైదు అంగుళాల లోతులోనే రోటవేటర్ తిప్పుతుంటే కింద గట్టిపొర కడుతుంది, వాన నీళ్లు దిగవు. అప్పుడప్పుడూ డిస్క్ మడక గానీ ఉలి నాగలి గానీ పడాలి.

వరి కయ్యలకి లెక్క వేరు. దమ్ములో బరువు బండి దిగబడుతుంది కాబట్టి, తేలికైన ఫోర్ వీల్ డ్రైవ్ గానీ, వెనక కేజ్ వీల్స్ (ఇనుప పట్టీల చక్రాలు) వేసిన మామూలు బండి గానీ కావాలి. సీళ్లు అరిగితే బురదనీళ్లు యాక్సిల్ లోపలికి పోయి ఆయిల్ పాల రంగులోకి మారుతుంది. దమ్ము సీజన్ అయ్యాక ఆ ఆయిల్ ఒకసారి చూడాలి. కేజ్ వీల్స్‌తో తారు రోడ్డెక్కకండి. ఫోర్ వీల్ లివర్ వేసి రోడ్డు మీద తోలినా ముందు టైర్లు త్వరగా అరుగుతాయి.

షోరూములో గట్టిగా అడగాల్సింది క్లచ్ గురించి. డ్యూయల్ క్లచ్ అయితే పెడల్ సగం తొక్కితే బండి ఆగుతుంది, పీటీఓ తిరుగుతూనే ఉంటుంది. సింగిల్ క్లచ్‌లో రెండూ కలిసే ఆగుతాయి. గేరు మార్చిన ప్రతిసారీ రోటవేటర్ ఆగి మొదలవుతుంది. రోటవేటర్ పని ఎక్కువుంటే డ్యూయల్ క్లచ్‌కి అదనంగా పెట్టే డబ్బు వృథా పోదు. బ్రేకులు ఆయిల్‌లో మునిగి ఉండే రకమే తీసుకోండి. కాయల ట్రాలీతో మొగిలి ఘాట్ దిగేవాళ్లకి దీని విలువ తెలుసు. ఎక్కడానికి ఏ గేరు అవసరమో దిగడానికీ అదే గేరు. న్యూట్రల్‌లో జారవిడిస్తే వెనక బరువు బండిని తోసేస్తుంది, ట్రాలీ అడ్డం తిరుగుతుంది. రోడ్డెక్కే ముందు కుడి, ఎడమ చక్రాల రెండు బ్రేకు పెడళ్లనీ కలిపి లాక్ చేయాలి.

50 హెచ్‌పీ దాటాలా వద్దా అన్నదానికి మరో కోణం ఉంది. 2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీ పైబడిన కొత్త ట్రాక్టర్లకి ట్రెమ్ 4 ఉద్గార ప్రమాణాలు వచ్చాయి. అంటే సీఆర్‌డీఐ (ఎలక్ట్రానిక్స్‌తో నడిచే డీజిల్ ఇంజెక్షన్), సెన్సార్లు, వైరింగ్. మంచి ఇంజన్లే, కానీ ఊరి మెకానిక్ స్పానర్‌తో తేల్చే పని కాదు. దగ్గర్లో కంపెనీ సర్వీసు లేని ఊళ్లలో మొదటి బండిగా 50 లోపు, మామూలు ఇంజెక్షన్ పంపు ఉన్నది క్షేమం. బ్రాండు కంటే కూడా మీ ఊరికి ముప్పై కిలోమీటర్ల లోపు విడిభాగాలు దొరికేది ఏదో కనుక్కోండి. సీజన్‌లో క్లచ్ ప్లేటు కోసం నాలుగు రోజులు బండి నిలబడితే ఆ అదును పోయినట్టే.

కొటేషన్‌లో పన్ను కూడా చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, ట్రాక్టర్ టైర్ల మీదా 18 నుంచి 5కి వచ్చింది.

సెకండ్‌హ్యాండ్ అయితే పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగానే వెళ్లండి. మీరొచ్చేసరికే స్టార్టు చేసి ఉంచితే సాయంత్రం మళ్లీ వస్తామని చెప్పండి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ కాలుతోంది, రింగులు, లైనర్లు అరిగాయి. బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) నుంచి పొగ తోసుకొస్తున్నా అదే జబ్బు. రేడియేటర్ నీళ్ల మీద నూనె తేలితే హెడ్ గ్యాస్కెట్ అనుమానించండి. గొర్రు తగిలించి పైకెత్తి, ఇంజన్ ఆపి పది నిమిషాలు ఉంచండి. గొర్రు గబగబా దిగిపోతే లిఫ్టు సిలిండర్ సీళ్లు గానీ వాల్వు గానీ పోయాయి. ముందు చక్రం జాకీ మీద లేపి ఊపితే యాక్సిల్ బుష్‌ల సంగతి తెలుస్తుంది. ఛాసిస్ నంబర్ ఆర్‌సీతో సరిచూసి, పేరు మార్పుకి ఫారం 29, 30, ఫైనాన్స్ ఉంటే ఫారం 35తో పాటు బ్యాంకు ఎన్‌ఓసీ తీసుకున్నాకే పూర్తి డబ్బు ఇవ్వండి. ట్రాలీకి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ వేరే. ట్రాలీలో, మడ్‌గార్డు మీద మనుషుల్ని ఎక్కిస్తే ప్రమాదంలో క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది, ప్రాణం సంగతి చెప్పక్కర్లేదు.

కొత్త బండి వచ్చాక మొదటి 50 గంటలు పూర్తి లోడు వేయకండి, అలాగని ఐడిల్‌లో గంటలకొద్దీ ఉంచకండి. చక్రాల నట్లు మొదటి పది గంటలకే మళ్లీ బిగించాలి. వేసవి దుక్కుల్లో లేచే ఎర్రదుమ్ము ఇంజన్‌కి పెద్ద శత్రువు. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ అయితే గిన్నెలో ఆయిల్ రోజూ చూసి, మురికి పేరుకుంటే మార్చాలి. డ్రై ఫిల్టర్ అయితే గాలి లోపలినుంచి బయటికి కొట్టాలి. బయటినుంచి కొడితే దుమ్ము కాగితంలోకి ఇంకా దిగుతుంది. లోపలి చిన్న ఫిల్టర్‌ని మాత్రం ఊదకూడదు, కడగకూడదు, మార్చడమే.