ఆముదం వాసన నుంచి బ్యాటరీకి: నా మస్టాంగ్ మార్పిడి

ఎనిమిదేళ్లు గ్లో ఇంజిన్‌తో (ఆముదం కలిపిన ఇంధనంతో నడిచే బుల్లి ఇంజిన్) ఎగరేసిన నా మోడల్ విమానాన్ని, అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్ పీ-51డీ మస్టాంగ్‌ని, ఈ మధ్యే ఎలక్ట్రిక్‌కి మార్చాను. 1/8 స్కేల్, ఈ కొస నుంచి ఆ కొసకి రెక్కలు 1.41 మీటర్లు, 18 మీటర్ల స్టీల్ లైన్ల మీద తిరిగే కంట్రోల్ లైన్ మోడల్, అంటే మధ్యలో నిలబడి, చేతిలోని హ్యాండిల్‌కి కట్టిన లైన్లతో ముక్కుని పైకీ కిందికీ తిప్పుతూ మన చుట్టూ ఎగరేసేది. మార్చడానికి కారణం ఒక్కటే, కౌలింగ్, అంటే ఇంజిన్ మీది తొడుగు. అసలు మస్టాంగ్ ముక్కు ఎంత సన్నగా, నున్నగా ఉంటుందో తెలుసు కదా, నా మోడల్‌కి మాత్రం అక్కడ సిలిండర్ హెడ్ ఒక పక్క, సైలెన్సర్ ఇంకో పక్క పొడుచుకొచ్చి ఉండేవి. రివెట్లు ఒక్కొక్కటీ కూర్చుని పెట్టిన మోడల్‌కి, వాటికోసం కౌలింగ్‌లో కోసిన కన్నం చూస్తుంటే ప్రాణం ఉసూరుమనేది.

ఇంజిన్ ఊడదీశాక మొదట తగిలిన పని శుభ్రం చేయడం. ఇంధనంలోని ఆముదం ఏళ్ల తరబడి ఫైర్‌వాల్ (ఇంజిన్ వెనకుండే అడ్డ పలక) చుట్టూ బాల్సా చెక్కలోకి ఇంకిపోయింది. చెక్క తేనె రంగుకి తిరిగి, గోరుతో నొక్కితే దిగబడుతోంది. అలాంటి చెక్క మీద ఎపాక్సీ పట్టదు, పట్టినట్టు కనిపించినా మోటార్ లాగుడుకి ఊడిపోతుంది. టాల్కం పౌడర్ మందంగా చల్లి, హీట్ గన్‌తో గోరువెచ్చగా చేస్తే నూనె పైకి వచ్చి పౌడర్ పసుపు ముద్దలా అవుతుంది, దాన్ని దులిపేసి మళ్లీ చల్లాలి. ఐదు సార్లు చేశాక పౌడర్ తెల్లగానే మిగిలింది. పూర్తిగా చల్లారాక అసిటోన్‌తో తుడిచి, అప్పటికీ మెత్తగా ఉన్న ముక్కల్ని కోసేసి కొత్త చెక్క అతికించాను. ఈ పని దగ్గర తొందరపడకండి.

తర్వాత బరువు లెక్క. మొత్తం చూస్తే తేడా పెద్దగా లేదు: ఇంజిన్, సైలెన్సర్, ట్యాంకు, ఇంధనం కలిపి 500 గ్రాములకి కాస్త పైన, మోటార్, స్పీడ్ కంట్రోలర్ (మోటార్ వేగాన్ని నియంత్రించే సర్క్యూట్), 4ఎస్ 2700 (నాలుగు సెల్స్, 2700 ఎంఏహెచ్) బ్యాటరీ కలిపి 460. కానీ ముక్కు చివర 380 గ్రాములు ఉండే చోట ఇప్పుడు 150 గ్రాముల మోటారే ఉంది, అంటే సీజీ (మోడల్ బరువు సరితూగే చోటు) వెనక్కి పోతుంది. సీజీ వెనక్కి పోతే హ్యాండిల్ కొంచెం కదిలించినా మోడల్ ఎగిరెగిరి పడుతుంది. అందుకే ఇంజిన్‌ని మోసే పాత బేరర్లు కోసేసి, ట్యాంకు చోటుని ముందుకి పెంచి, బ్యాటరీని మోటార్‌కి దాదాపు ఆనుకునేలా పెట్టాను. ముక్కులో సీసం వేయకుండానే పాత సీజీ వచ్చేసింది. పైగా ఇంధనంలా బ్యాటరీ బరువు తరగదు కాబట్టి మొదటి రౌండ్‌లో ఎలా ఉందో చివరి రౌండ్‌లోనూ అలాగే ఎగురుతుంది. ఇది నాకు బాగా నచ్చింది.

థ్రాటిల్‌కి ఇదివరకు మూడో లైన్ ఉండేది. ఇప్పుడు ఎడమచేతిలో చిన్న 2.4 గిగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్, లైన్లు రెండే. సిగ్నల్ పోతే మోటార్ ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ ముందే పెట్టుకోవాలి.

ఇక అసలు సంగతి. మొదటి టేకాఫ్‌కి మామూలు 12×6 ప్రొపెల్లర్ వేశాను. మోడల్ పట్టుకున్న కుర్రాడు "అన్నా, వదలనా?" అన్నాడు, నేను తల ఊపాను. పది అడుగులు పరుగెత్తి తోక లేచిందో లేదో, ముక్కు నావైపు తిరిగింది, చేతిలో లైన్లు ఒక్కసారిగా వదులైపోయాయి. లైన్ వదులైతే ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) మన చేతిలో లేనట్టే. థ్రాటిల్ మూసేసి వెనక్కి పరుగెత్తాను, దేవుడి దయవల్ల చక్రాల మీదే ఆగింది.

ఇంటికొచ్చి ఆలోచిస్తే విషయం తేలింది. మామూలు ప్రొపెల్లర్ వెనక నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది, ఆ తిరుగుడుకి మోడల్ ఎడమకి ఒరుగుతుంది. తోక లేచేటప్పుడు ముక్కు కూడా ఎడమకే పోతుంది. మనం ఎగరేసేది అపసవ్యంగా, అంటే ఎడమ రెక్క మన వైపే. గ్లో ఇంజిన్‌తోనూ ఇదే ఉండేది, కానీ ఈ మోటార్ నిలబడిన చోటే ఒక్కసారిగా టార్క్ (తిప్పే బలం) ఇచ్చేస్తుంది. మందు చాలా తేలిక: మోటార్‌కి వెళ్లే మూడు వైర్లలో ఏ రెండింటినైనా తారుమారు చేసి, పుషర్ ప్రొపెల్లర్ (ఎదురు దిశలో తిరిగేలా చేసినది) వేయడమే. అప్పుడు ఆ బలాలన్నీ మోడల్‌ని బయటికి నెడతాయి. ఇలా ఎదురు దిశలో తిరిగితే ప్రొపెల్లర్ నట్ వదులయ్యే అవకాశం ఉంది, ప్రతి ఫ్లైట్ ముందూ బిగించి చూసుకోవాలి. లూపుల్లో పైకి లాగినప్పుడు ముక్కు కొంచెం లోపలికి వస్తుంది, స్కేల్ మోడల్‌తో అంత గట్టిగా ఎవరూ లాగరు కాబట్టి నేను పట్టించుకోలేదు.

గాలి ఆడటానికి పొట్ట కింద స్కూప్‌ని (గాలి లోపలికి వెళ్లే మూతి) నిజంగానే తొలిచేశాను. అసలు మస్టాంగ్‌లో రేడియేటర్‌కి గాలి వెళ్లేది అక్కడి నుంచే, ఇప్పుడు నా స్పీడ్ కంట్రోలర్‌కి కూడా అదే దారి. గాలి బయటికి పోయే కన్నం లోపలికొచ్చే దానికంటే పెద్దగా ఉండాలి.

రెండో టేకాఫ్‌కి ముందు హ్యాండిల్‌కి స్ప్రింగ్ త్రాసు తగిలించి 17 కిలోలు లాగి చూశాను, అంటే 1.7 కిలోల మోడల్ బరువుకి పది రెట్లు. మెల్లగా థ్రాటిల్ ఇచ్చాను. తోక లేచింది, ముక్కు ఈసారి బయటి వైపు తిరిగింది, లైన్లు బిగిసి మణికట్టుకి తెలిసింది. రౌండ్‌కి 6 సెకన్లు, లెక్క ప్రకారం చేతి మీద దాదాపు 3.4 కిలోల లాగుడు. అంత నిశ్శబ్దంలో లైన్లు గాలిని కోసే సన్నని ఈల నాకు మొదటిసారి వినిపించింది. 5 నిమిషాలకి దింపితే బ్యాటరీలో మూడో వంతు మిగిలే ఉంది, కౌలింగ్ మీద తుడవడానికి ఒక్క చుక్క కూడా లేదు. రిసీవర్‌లో ఇంకా ఛానెళ్లు ఖాళీగా ఉన్నాయి, ఫ్లాప్స్‌కి (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) సర్వో (వాటిని కదిలించే చిన్న మోటార్) కొలతలు తీయడం మొదలుపెట్టాను.